రక్తం ఆగింది కదా అని బుధవారం దాకా ఆగొద్దు

ముందు ఉత్తరం. పేర్లు తీసేసి, కాస్త కుదించి ఇస్తున్నాను.

"సిస్టర్ గారికి నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. మా నాయనకి 61 ఏళ్లు, గొంతు క్యాన్సర్. రెండేళ్ల కింద తిరుపతిలో 35 సిట్టింగులు కరెంటు (రేడియేషన్) పెట్టించాం. బాగైపోయిందనుకున్నాం. ఈ ఏడు మెడకి ఎడమ పక్క గడ్డ మళ్లీ లేచి పుండు పడింది. ఊపిరి ఆడకపోతే మూడు వారాల కింద మెడకి రంధ్రం చేసి స్టీలు ట్యూబు పెట్టి ఇంటికి పంపించారు. మాట రాదు, పలక మీద రాసి చూపిస్తాడు. మొన్న రాత్రి ఆ పుండులోంచి టీ గ్లాసుడు రక్తం వచ్చింది. గుడ్డ పెట్టి అదిమితే పది నిమిషాల్లో ఆగింది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు ఇంజెక్షన్ వేసి భయం లేదన్నాడు. వచ్చే బుధవారం చెకప్ ఉంది, అప్పటిదాకా ఆగొచ్చా? మళ్లీ వస్తే నేనేం చెయ్యాలి? రాత్రిళ్లు ట్యూబు గురగురమంటే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. తమ్ముడు బెంగళూరులో ఉన్నాడు, పిలిపించాలా?"

అమ్మా, ఇదంతా చదివేదాకా ఇంట్లో కూర్చోవద్దు. ఈ ఒక్క పేరా చదివి మీ నాయన్ని తీసుకుని ఈరోజే బయలుదేరు, మిగతాది దారిలో చదువుకోవచ్చు. కరెంటు పెట్టిన మెడలో, గడ్డ మళ్లీ లేచిన చోట, టీ గ్లాసుడు రక్తం వచ్చి ఆగిందంటే అది అయిపోయినట్టు కాదు. చాలాసార్లు అది ముందుగా వచ్చే కబురు. దాని వెనక పెద్దది గంటల్లో రావచ్చు, రోజుల్లో రావచ్చు, రాకపోనూ వచ్చు, కానీ ఏది జరగబోతుందో ఇంట్లో ఉండి చెప్పడం ఎవరి వల్లా కాదు. నా వల్ల కాదు, మీ ఆర్‌ఎంపీ వల్లా కాదు. ఆయన మీద నాకు కోపం లేదు, రాత్రిపూట తలుపు కొడితే లేచి వచ్చింది ఆయనే. కానీ "భయం లేదు" అనే మాట మాత్రం ఆయన అనకుండా ఉండాల్సింది.

నిన్ను నువ్వు అంటున్నానని ఏమీ అనుకోవద్దు, నా కూతురి వయసుంటుంది నీకు. నేను 26 ఏళ్లు నర్సుగా పని చేశాను, అందులో ఎక్కువ కాలం చెవి ముక్కు గొంతు వార్డులో, చివర్లో క్యాన్సర్ వార్డులో. నీలాంటి ఉత్తరాలు రాసినవాళ్లలో సగం మంది రక్తం ఆగిపోయాక రాస్తారు, ఆగింది కాబట్టి గాబరా తగ్గి, చెకప్ తేదీ దాకా చూద్దామా అని. అందుకే ముందు ఇంత గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

ఎందుకిలా అవుతుందో చెప్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే ఆసుపత్రిలో నువ్వు మాట్లాడే తీరు మారుతుంది. మెడకి అటొకటీ ఇటొకటీ మెదడుకి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాలు ఉంటాయి, వేలు ఆనిస్తే కొట్టుకుంటుంటాయి చూడు, అవే. డాక్టర్లు కెరోటిడ్ అంటారు. ఆ నాళం గోడకి కూడా రక్తం కావాలి, దానికోసం గోడ మీద వెంట్రుకల్లాంటి సన్నటి నాళాలు ఉంటాయి. రేడియేషన్ క్యాన్సర్‌తో పాటు వాటినీ దెబ్బ తీస్తుంది. దానిమీద గడ్డ వచ్చి ఆనుకుంటే, పుండు పడి చీము పడితే, లేదా ఆపరేషన్ అయినవాళ్లకి లోపలినుంచి లాలాజలం కారి నాళాన్ని నానబెడితే ఆ గోడ పలచబడిపోతుంది. మీ తోటలో నాలుగేళ్లు ఎండకి ఎండిన డ్రిప్ పైపు ఎట్లా ఉంటుందో తెలుసు కదా. మొదట ఎక్కడో సూది మొనంత చోట నీళ్లు చిమ్ముతాయి, అక్కడ మట్టి అడ్డుపడి ఆగినట్టే కనిపిస్తుంది, మళ్లీ మోటారు వేసి ఒత్తిడి పెరిగేసరికి ఆ చోటే చీలుతుంది. ఇక్కడ రక్తం గడ్డకట్టి అడ్డుపడింది, అంతే. గుండె మాత్రం మోటారు లాగా కొడుతూనే ఉంటుంది, ఒక దగ్గు వచ్చినా బీపీ లేచినా ఆ అడ్డు ఊడుతుంది.

ప్రతి రక్తస్రావం ఆ పెద్ద నాళం నుంచే అని నేను అనడం లేదు. పుండు పైపైన కూడా కారుతుంది, గడ్డకి కొత్తగా పుట్టుకొచ్చిన చిన్న నాళాల నుంచి కూడా వస్తుంది, అలాంటివాటికి మందు తడిపిన గాజుగుడ్డ కూరడమో, నాలుగైదు సిట్టింగులు రేడియేషనో ఇచ్చి ఆపుతారు, అది కుదురుతుందా లేదా అనేది ఇంతకుముందు ఎంత రేడియేషన్ పడిందో చూసి చెప్తారు. ఏ నాళమో తేల్చాలంటే మాత్రం రక్తనాళాలకి మందు ఎక్కించి తీసే సీటీ యాంజియో కావాలి. పెద్ద నాళమే అని తేలితే ఈ రోజుల్లో చాలా చోట్ల మెడ కొయ్యరు. తొడ దగ్గర నుంచి సన్నటి తీగ పంపి, ఆ చోట లోపలినుంచి స్ప్రింగు లాంటి కాయిల్స్ పెట్టి మూసేస్తారు, లేదా లోపల తొడుగు ఉన్న స్టెంట్ వేస్తారు. నాళం పూర్తిగా మూస్తే మెదడుకి రక్తం తగ్గి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది, అందుకే టైం ఉంటే ముందు చిన్న బెలూన్‌తో కాసేపు మూసి చూసి, మనిషి తట్టుకుంటున్నాడా లేదా అని పరీక్షిస్తారు. ఇక్కడే నేను చెప్పేది గట్టిగా పట్టుకో. ఆ పరీక్షలన్నీ రక్తం ఆగి ఉన్నప్పుడే చెయ్యగలరు. చిమ్ముతున్నప్పుడు ఎవరికీ అంత వ్యవధి ఉండదు. మొన్న రక్తం ఆగిందంటే మీకు కాస్త టైం దొరికిందన్నమాట, దాన్ని బుధవారం దాకా ఖర్చు పెట్టొద్దు.

ఎక్కడికి అంటావా, ముందు ట్యూబు పెట్టిన ఆసుపత్రికే ఫోన్ చెయ్. మీ నాయన కాగితాలూ స్కానులూ అక్కడే ఉంటాయి. మీ పాకాల వైపు వాళ్లకి తిరుపతి దగ్గర, స్విమ్స్ ఉంది, రుయా ఉంది, అలిపిరి దగ్గర టాటా వాళ్ల క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఇది చదివే చిత్తూరు, గంగాధర నెల్లూరు వైపు వాళ్లకైతే వేలూరు సీఎంసీ ఇంకా దగ్గర. ఫోన్‌లో అడగాల్సింది రెండే. ఇప్పుడు వస్తే సీటీ యాంజియో చేస్తారా, నాళాన్ని లోపలినుంచి మూసే డాక్టరు ఉన్నారా. లేదంటే ఎక్కడికి పొమ్మంటారో వాళ్లనే అడుగు. ఒక చోటికి వెళ్లి అక్కణ్ణుంచి ఇంకో చోటికి పరుగెత్తడంలోనే మనుషులు పోయిన సంగతులు నేను చూశాను, అందుకే ఈ ఒక్క ఫోను కాల్‌కి ఇంత విలువ ఇస్తున్నాను.

108కి చెయ్యి. బండి మీద వద్దు, బస్సు అసలే వద్దు. పెరటాశి శనివారాలూ బ్రహ్మోత్సవాల రోజులూ అయితే అలిపిరి రోడ్డు సంగతి నీకు చెప్పక్కర్లేదు, అంబులెన్స్‌కైనా దారి ఇస్తారు. మీ నాయన్ని కూర్చోబెట్టే తీసుకెళ్లమని చెప్పు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టడం వాళ్లకి అలవాటు, కానీ గొంతులో గడ్డ ఉన్నవాళ్లని వెల్లకిలా పడుకోబెడితే ఊపిరి ఇంకా బిగుస్తుంది. ఆధార్, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, పాత ఫైలు, ఇప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో. గుండెకనో పక్షవాతానికనో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచన చేసే మాత్రలు వేసుకుంటుంటే ఆ మాట ముందే చెప్పాలి. మొన్న ఆర్‌ఎంపీ వేసిన ఇంజెక్షన్ ఏదో కాగితం మీద రాయించుకుని వెళ్లు, నొప్పి ఇంజెక్షన్లలో కొన్ని రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తాయి. ముక్కు గొట్టంలోంచి ఆహారం పోస్తుంటే, డాక్టరు చూసేదాకా ఆపు. రక్తం ఇవ్వగలిగిన చుట్టాలు ఇద్దరు వెనకే వస్తే మంచిది.

క్యాజువాల్టీలో ఎట్లా మాట్లాడాలో కూడా చెప్తాను. "రక్తం వచ్చింది సార్, ఇప్పుడు లేదు" అని మొదలుపెడితే నిన్ను తీసుకెళ్లి వరుసలో కూర్చోబెడతారు, వాళ్ల తప్పు కూడా కాదు, అక్కడ అప్పుడే యాక్సిడెంట్ కేసు వచ్చి ఉంటుంది. ఇట్లా చెప్పు: "గొంతు క్యాన్సర్, మెడకి రేడియేషన్ అయింది, గడ్డ మళ్లీ వచ్చింది, మొన్న రాత్రి మెడ పుండులోంచి గ్లాసుడు రక్తం వచ్చి ఆగింది, కెరోటిడ్ ఏమో చూడండి." ఆ కెరోటిడ్ అనే మాట నీ నోటి నుంచి రావాలి. చదువుకోని దానిలా ఉన్నావని ఎవరైనా చిన్నచూపు చూస్తారేమో, చూడనీ, మళ్లీ ఒకసారి అదే మాట చెప్పు.

ఇక బయలుదేరే లోపో దారిలోనో మళ్లీ రక్తం వస్తే.

నీ చెయ్యే మందు. మడత పెట్టిన గాజుగుడ్డో శుభ్రమైన నూలు గుడ్డో రక్తం వస్తున్న ఆ చోటనే పెట్టి, అరచేతిలో మణికట్టు దగ్గరి భాగంతో గానీ, చిన్న చోటైతే రెండు వేళ్లతో గానీ గట్టిగా అదుము. గట్టిగా అంటే నీ చెయ్యి నొప్పి పుట్టేంత. ఆగిందా లేదా అని నిమిషానికోసారి ఎత్తి చూడొద్దు, అందరూ చేసే తప్పు అదే, ఎత్తిన ప్రతిసారీ అప్పుడే కట్టుకున్న రక్తపు గడ్డ ఊడి వస్తుంది. గుడ్డ తడిసిపోతే దాన్ని తియ్యకుండా దానిమీదే ఇంకోటి పెట్టు. డాక్టరు చెయ్యి వచ్చి నీ చెయ్యి మీద పడేదాకా తియ్యొద్దు. మెడ చుట్టూ తువ్వాలు బిగించి కట్టొద్దు, ఊపిరికీ మెదడుకీ రెండింటికీ ప్రమాదం. రెండు పక్కలా ఒకేసారి అదమొద్దు, రక్తం వచ్చే పక్కనే. అదిమేటప్పుడు ట్యూబు నోరు మూసుకుపోకుండా చూసుకో, కంగారులో గుడ్డ దానిమీద పడిపోతుంది. పసుపు, కాఫీ పొడి, సున్నం ఏదీ వద్దు. మా ఇళ్లల్లో కూడా చిన్న దెబ్బకి కాఫీ పొడే పెట్టేవాళ్లు, కానీ ఈ పుండు ఆ పుండు కాదు, లోపల ఊపిరి గొట్టం పక్కనే ఉంది.

రక్తం నోట్లోంచి వస్తే కూర్చోబెట్టి ముందుకి వంచు, బేసిన్ ఇచ్చి ఉమ్మెయ్యమను, మింగనివ్వొద్దు. కళ్లు తిరిగి ఒరిగిపోతే వెల్లకిలా కాకుండా పక్కకి, రక్తం వచ్చే ఎడమ పక్క కిందికి ఉండేట్టు తిప్పు, అప్పుడు రక్తం ఊపిరితిత్తుల్లోకి పోకుండా బయటికి కారుతుంది. నువ్వు అదుముతుంటే ఫోన్ ఇంకొకరు చెయ్యాలి. అందుకే ఇవాళే పక్కింటి వాళ్లతో మాట్లాడి పెట్టుకో, "నేను కేకేస్తే మీరు రండి, వచ్చి 108కి కొట్టండి" అని, అంతకంటే ఎక్కువ వివరం చెప్పాల్సిన పని లేదు. ఇంకోటి, ముదురు రంగు తువ్వాళ్లు నాలుగు మంచం పక్కన పెట్టుకో, మెరూనో నల్లటివో. తెల్ల గుడ్డ మీద కొంచెం రక్తమే ఇల్లంతా నిండినట్టు కనిపిస్తుంది, ఆయనకీ నీకూ గుండె జారిపోతుంది. ఇది వార్డులో పెద్ద సిస్టర్లు నాకు నేర్పించిన సంగతి. రక్తం గడ్డకట్టడానికి ట్రానెక్సమిక్ యాసిడ్ అనే మందు ఉంది, మాత్రలుగా ఇస్తారు, గాజుగుడ్డకి తడిపి కూడా పెడతారు. మీ నాయనకి అది ఇవ్వొచ్చో లేదో, ఎంత ఇవ్వాలో ఇవాళ డాక్టర్ని అడిగి రాయించుకో, నీ అంతట నువ్వు మెడికల్ షాపులో కొని వెయ్యకు.

ఇప్పుడు ట్యూబు సంగతి, నీ కాళ్లూ చేతులూ ఆడవన్నావే, అది.

గురగుర శబ్దం వచ్చిందంటే కఫం ఉందని అర్థం, గాలి పోతోందని కూడా అర్థం. అప్పుడు కూర్చోబెట్టి దగ్గించు, కఫం లాగే సక్షన్ మిషన్ ఉంటే దాంతో కఫం తీసెయ్. నేను ఎక్కువ భయపడేది ఆ గురగుర ఉన్నట్టుండి ఆగిపోయి, మనిషి ఒళ్లంతా ఎగబీలుస్తూ, గొంతు దగ్గర గుంట లోపలికి లాక్కుంటూ, చెమటలు పడుతూ ఉంటే. ట్యూబు నోటి దగ్గర చెయ్యి పెట్టు, గాలి తగలడం లేదూ? అప్పుడు ఆలోచన వద్దు. ట్యూబు మీద గుడ్డ గానీ మూత గానీ ఉంటే తీసి పారెయ్. లోపలి ట్యూబు తిప్పి బయటికి లాగెయ్. స్టీలు ట్యూబులో రెండు ఉంటాయి, బయటిది దారంతో మెడకి కట్టి ఉంటుంది, లోపలిది మాత్రం మనం తీసి కడిగేది. అడ్డుపడేది చాలావరకు ఆ లోపలి దానిలోనే, ఎండిన కఫమో రక్తపు గడ్డో బెండులా పట్టేసి ఉంటుంది. అది తీసిన మరుక్షణం ఊపిరి వచ్చేస్తుంది, నేను ఎన్నోసార్లు చూశాను, మనిషి ముఖంలోకి ప్రాణం తిరిగి రావడం. కడిగి ఉంచిన రెండో లోపలి ట్యూబు ఉంటే అది వేసెయ్, లేకపోతే పాతది కడిగేదాకా బయటి ట్యూబుతోనే ఊపిరి తీసుకోనీ.

లోపలిది తీసినా గాలి రాలేదనుకో, సక్షన్ గొట్టం ట్యూబులోకి దిగుతుందేమో చూడు. దిగితే బయటికి లాగేటప్పుడు మాత్రమే పీల్చాలి, పది సెకన్లకి మించొద్దు, ఎందుకంటే నువ్వు పీల్చేంతసేపు ఆయనకి గాలి ఉండదు. అసలు దిగకపోతే బయటి ట్యూబు కూడా మూసుకుపోయిందనో, పక్కకి జరిగిందనో అర్థం, అలాంటప్పుడు దారం కోసి మొత్తం ట్యూబునే బయటికి తియ్యాలి. మూసుకుపోయిన ట్యూబు కంటే ఖాళీ రంధ్రం మేలు. ఇది వినడానికి భయంగా ఉంటుంది, అందుకే దీన్ని చదివి నేర్చుకునే పని పెట్టుకోకు, ఇవాళ ఆసుపత్రిలో సిస్టర్‌ని పట్టుకుని నీ చేత చేయించమని అడుగు. నిజానికి డిశ్చార్జి రోజే చేసి చూపించి ఉండాలి. మూడు వారాల రంధ్రం ట్యూబు తియ్యగానే మూసుకుపోదు గానీ, గంటలు గడిచేకొద్దీ ఇరుకవుతుంది, కాబట్టి ట్యూబు దానంతట అది ఊడి వచ్చినా సరే గడ్డం కొంచెం పైకెత్తి కూర్చోబెట్టి, ఆక్సిజన్ ఉంటే రంధ్రం దగ్గర పెట్టి, పరుగెత్తాలి. నేర్పించకపోతే బలవంతంగా లోపలికి తొయ్యొద్దు, పక్క కండలోకి దారి చేస్తుంది. మంచం దగ్గర ఎప్పుడూ అదే సైజు ట్యూబు ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి, కత్తెర, టార్చి ఉండాలి.

అడ్డుపడకుండా చూసుకోవడం దీనికంటే సులువు. ముక్కు చేసే పని ఇప్పుడు ఎవరూ చెయ్యడం లేదు కదా, గాలిని తడిపి, దుమ్ము వడకట్టి పంపేది అదే. అందుకని ట్యూబు ముందు పలచటి గాజుగుడ్డ తడిపి పిండి వేలాడదీయాలి, ఆరిపోగానే మళ్లీ తడపాలి, మన దగ్గర ఎండాకాలం గంట కూడా తడి నిలవదు. దూది వద్దు, దాని పోగులు లోపలికి పోతాయి. డాక్టరు చెప్పినన్నిసార్లు సెలైన్ నెబులైజర్, అంటే ఉప్పునీటిని సన్నటి తుంపరగా చేసి ఊపిరిలోకి పంపే మిషన్, పెట్టు. లోపలి ట్యూబు నాలుగు గంటలకోసారి తీసి కడుగు, కఫం ఎక్కువుంటే ఇంకా త్వరగా, రాత్రి కూడా, అలారం పెట్టుకుని. దారం కింద ఒక వేలు దూరేంత వదులు ఉండాలి. కట్టెల పొయ్యి, దోమల చుట్ట, సాంబ్రాణి ఆ గదిలో వద్దు.

స్టీలు ట్యూబు గురించి ఇంకో మాట, ఇది చాలామంది ఇంట్లోవాళ్లకి తెలియదు. ఆసుపత్రిలో ఊపిరి కొట్టే రబ్బరు బ్యాగు ఉంటుంది చూశావా, అంబు బ్యాగు, అది మామూలు స్టీలు ట్యూబుకి అతకదు. పైగా ఆ ట్యూబుకి లోపల ఉబ్బే బుడగ ఉండదు, అందువల్ల గొంతులో రక్తం కారితే నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. బుడగ ఉన్న ప్లాస్టిక్ ట్యూబు అయితే ఆ దారి మూస్తుంది. రక్తం వచ్చే ప్రమాదం ఉన్న మనిషికి ట్యూబు మార్చాలా అని ఇవాళ డాక్టర్ని అడుగు. అడగడం నీ హక్కు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగింది ఒకటి నన్ను ఇప్పటికీ వదలలేదు. స్వరపేటిక మొత్తం తీసేసిన పెద్దాయన్ని రాత్రి ఆయాసంతో తీసుకొచ్చారు. అలాంటివాళ్లకి ముక్కుకీ నోటికీ ఊపిరితిత్తులతో సంబంధమే ఉండదు, ఊపిరంతా మెడలో రంధ్రం నుంచే. మేము ఆక్సిజన్ మాస్కు తెచ్చి ముఖానికి పెట్టాం. అలవాటు, చెయ్యి దానంతట అదే ముఖం మీదికి పోతుంది. ఆయన చేత్తో తోసేస్తుంటే ఊపిరాడక కొట్టుకుంటున్నాడనుకుని చేతులు పట్టుకున్నాం. తోసేసి మెడ చూపిస్తున్నాడని ఆయన భార్య అరిస్తే గానీ మాకు తెలియలేదు. ఆయన బతికాడు. ఆ రాత్రి ఆ తల్లి అరవకపోతే ఏమయ్యేదో. మీ నాయనకి స్వరపేటిక ఉంది, ట్యూబు మాత్రమే పెట్టారు, కానీ పైన గడ్డ అడ్డం ఉంది కాబట్టి ఆయనకి కూడా ఆక్సిజన్ ముందు మెడకి పెట్టాలి, ముఖానికి పెట్టినా అది అదనంగా మాత్రమే. ఒక అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో "ఊపిరి మెడ దగ్గర. ఆక్సిజన్ మెడకి పెట్టండి" అని రాసి చొక్కాకి పిన్ను పెట్టు. నువ్వు పక్కన లేని నిమిషంలో అది మాట్లాడుతుంది.

ట్యూబు లేని క్యాన్సర్ పేషెంట్లు ఉన్న ఇళ్లవాళ్లకి కూడా ఇక్కడే ఒక మాట చెప్పి నీ దగ్గరికి మళ్లీ వస్తాను. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు ఈల వేసినట్టో కీచుమన్నట్టో శబ్దం వస్తున్నా, పడుకోలేక రాత్రంతా కూర్చుని నిద్రపోతున్నా, సొంగ మింగలేక కారుస్తున్నా, గొంతు మారినా అది ఆస్తమా కాదు, దాన్ని గ్యాస్ అని సరిపెట్టుకోవద్దు. నిద్ర పట్టడం లేదని నిద్రమాత్ర ఇస్తే ఆ కాస్త ఊపిరి కూడా పోతుంది. గుట్కా, ఖైనీ వల్ల నోరు రెండు వేళ్లు కూడా తెరుచుకోని వాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు, రేడియేషన్ తర్వాత దవడ పట్టేసినవాళ్లూ అంతే. అలాంటివాళ్లకి ఊపిరి ఆగిపోయాక నోట్లోంచి గొట్టం వెయ్యడం మత్తు డాక్టర్లకి కూడా చాలా కష్టం, చివరికి అర్ధరాత్రి హడావిడిగా మెడ కొయ్యాల్సి వస్తుంది. అదే పగటిపూట, మనిషి మెలకువగా కూర్చుని ఉండగా, మెడకి మాత్రమే తిమ్మిరి సూది వేసి చేస్తే ఎంతో నెమ్మదిగా అయిపోతుంది. "మెడకి రంధ్రం పెడతారంట" అని భయపడి వారం వారం వాయిదా వేసేవాళ్లని చూస్తే నాకు ఏడుపొస్తుంది.

ఇక అమ్మా, రాయడానికి కష్టంగా ఉన్న సంగతి. రాయకపోతే నీకు అన్యాయం చేసినదాన్నవుతాను.

కరెంటు పెట్టాక గడ్డ మళ్లీ లేచిందంటే, ఇక నయం చేసే మార్గం ఉందా లేదా అనేది మీ డాక్టరు మీతో మాట్లాడారో లేదో నువ్వు రాయలేదు. మాట్లాడకపోతే ఇవాళ అడుగు, మీ నాయన ఎదురుగానో, ఆయన వద్దంటే బయటో. పెద్ద నాళం నిజంగా తెగితే నిమిషాల్లో అయిపోతుంది, ఎంత గట్టిగా అదిమినా, అంబులెన్స్ గుమ్మంలో ఉన్నా. అలా జరిగితే అది నీ చేతకానితనం కాదు, ఈ మాట ఇప్పుడే విని మనసులో పెట్టుకో, తర్వాత చెప్తే ఎక్కదు. నాళం మూసే వైద్యం కుదరదనో, మీ నాయనే ఇక ఆపరేషన్లు వద్దనో తేలితే, అప్పుడు డాక్టరుతో వేరే ఏర్పాటు మాట్లాడాలి: పెద్దగా రక్తం వస్తే భయం తెలియకుండా నిద్ర పుచ్చే మందు ఏది, దాన్ని ఎవరు ఎట్లా ఇవ్వాలి, ఇంట్లో ఉండాలా వార్డులో ఉండాలా. నొప్పికి మార్ఫిన్ మాత్రలు చట్టం ప్రకారమే దొరుకుతాయి, అలవాటు పడిపోతారని నొప్పితో ఉంచొద్దు. ఆ సమయంలో పని ఒక్కటే, ముదురు తువ్వాలు వేసి, పక్కకి తిప్పి, చెయ్యి పట్టుకుని ఉండడం. పరుగులు పెట్టి ఆయన్ని ఒంటరిగా వదలకుండా ఉండడం. పిల్లలుంటే వాళ్లని పక్క గదిలో ఎవరు చూసుకోవాలో ముందే అనుకోండి.

ఇది ఆయన్ని అడగకుండా మీరు తేల్చొద్దు. మాట రాదు గానీ పలక మీద రాస్తాడన్నావు కదా. మనవాళ్లు క్యాన్సర్ అనే మాట కూడా పెద్దవాళ్ల చెవిన వెయ్యరు, ఆయనకి తెలియదనుకుంటారు. తన మెడలోంచి గ్లాసుడు రక్తం పోవడం చూసిన మనిషికి తెలియకపోవడం ఏముంది. నీకేం కావాలి నాయనా అని అడిగి, పలక చేతికిచ్చి, ఆయన రాసేదాకా ఆగు. తొందరపెట్టొద్దు. ఒకాయన పలక మీద అరగంట తర్వాత "ఆవు ఈనిందా" అని రాశాడు నా ముందు. వాళ్ల అబ్బాయి వీడియో కాల్ చేసి దూడని చూపించాడు. ఆ తర్వాతే ఆయన మిగతావాటి గురించి రాశాడు.

తమ్ముణ్ణి పిలిపించాలా అన్నావు. పిలిపించు, ఈరోజే, చెకప్ అయ్యాక చెప్తాంలే అనుకోవద్దు. రాత్రి బస్సుకి బయలుదేరితే తెల్లారేసరికి తిరుపతిలో దిగుతాడు. నువ్వు ఒక్కదానివే నాలుగు గంటలకోసారి అలారం పెట్టుకుని మూడు వారాలు లేచి ఉంటావు, ఇక లోపలి ట్యూబు కడగడం వాడికి కూడా నేర్పించు. బలపాలు రెండు ఎక్కువ పెట్టుకో సంచిలో, ఆసుపత్రిలో దొరకవు.